సున్నా పురుగుల చేను

"సరైన జవాబేమిటో మీలో ఎవరికైనా తెలుసా?"

దుర్గాంబ ఈ మాట అడగడం ఇది మూడోసారి. మొదటిసారి మర్యాదగా అడిగింది. రెండోసారి ఓపిగ్గా అడిగింది. ఇప్పుడు ఆమె దగ్గర ఆ రెండూ అయిపోయాయి.

బల్లకి అవతల కూర్చున్న డైరెక్టర్ త్యాగరాజు కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "తెలిస్తే ఇంక కంప్యూటరెందుకండీ? తెలియదు కాబట్టేగా దాన్ని అడుగుతున్నాం!"

"మరి అది చెప్పింది తప్పని ఎలా తెలిసింది?"

"గురునాథంగారు అన్నారు."

"ఆయనకెలా తెలిసింది?"

"అది చెప్పలేదండీ."

"చెప్పకముందే పోయారు."

"పాపం," అన్నాడు త్యాగరాజు, కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ.

దుర్గాంబకి ఒళ్లు మండింది. పొద్దుట్నించీ ఈ శ్రీ సీతారామ పత్తి పరిశోధన కేంద్రంలో ఎవర్ని కదిపినా ఇదే వరస. తప్పంటారు, ఒప్పేదో చెప్పరు.

ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. ఆకు అడుగున చేరి రసం పీల్చే దోమ. అది ముదిరిందంటే చేనంతా మసి పూసినట్టు నల్లబడిపోతుంది. దానికి ఉపాయంగా ఈ కేంద్రం వాళ్లు ఒక కంప్యూటర్ కొన్నారు. ప్రతి వారం పొలాల్లో ఆకుల మీద దోమల్ని లెక్క పెట్టిస్తారు. ఆ లెక్కా, ఎండా, వానా అందులో వేస్తే వచ్చే వారానికి దోమ ఎంత పెరుగుతుందో అది లెక్కగట్టి, మందు కొట్టాలో అక్కర్లేదో చెబుతుంది. శుక్రవారం సాయంత్రం ఆ మాట రేడియోలో వస్తుంది. ఊళ్లకి ఊళ్లు ఆ మాట విని శనివారం పొద్దున్నే పంపులు భుజానికెత్తుకుంటాయి.

ఆ లెక్కకి కావలసిన ప్రోగ్రాం రాసింది కామేశ్వరి. పొన్నూరు పిల్ల, లెక్కల్లో ఎమ్మెస్సీ. దోమ ఎలా పుడుతుందో ఎలా పెరుగుతుందో ఆమెకి చెప్పి దగ్గరుండి రాయించింది డాక్టర్ గురునాథం. మొన్న మంగళవారం పొద్దున ఆ గురునాథం కంప్యూటర్ గదిలో కుర్చీలో ప్రాణం లేకుండా కనిపించాడు. పక్కన ఫ్లాస్కు. ఫ్లాస్కులో కాఫీ. కాఫీలో పురుగుమందు. ఫ్లాస్కు కామేశ్వరిది.

ముందు రోజు సాయంత్రమే గురునాథం డైరెక్టర్‌తో, "ప్రోగ్రాంలో పెద్ద తప్పు దొరికింది, శుక్రవారం బులెటిన్ ఆపేయాలి," అన్నాడట. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బాపయ్యకి అది చాలింది. తప్పు బయటపడితే తన బతుకు బజారున పడుతుందని ఆ పిల్లే కాఫీలో మందు కలిపిందన్నాడు. అరెస్టు చేసే ముందు ఆ ప్రోగ్రాంని ఒకసారి పరీక్షించి చూడనివ్వాలని కామేశ్వరి తరఫు ప్లీడరు రాధాకృష్ణమూర్తి కోర్టులో పోట్లాడి ఇవాళ, శుక్రవారం, సాయంత్రం ఐదింటిదాకా గడువు తెచ్చాడు. తెచ్చి, దాన్ని భార్య చేతిలో పెట్టి, తను వేరే కేసుందని ఒంగోలు బస్సెక్కాడు.

ఆ భార్యే దుర్గాంబ. పొగాకు ఆరబెట్టే బ్యారన్ తగలబడినా, కోల్డ్ స్టోరేజీలో మిరప టిక్కీలు బస్తాలకి బస్తాలు మాయమైనా వెళ్లి ఆరా తీసేది ఆవిడే. ఇరవయ్యేళ్లుగా ఆ పని చేస్తోంది. కానీ కంప్యూటర్ అనే వస్తువుని ఇంతవరకూ కళ్లతో చూడలేదు.

"మీరు చూశారా అది ఎలా పనిచేస్తుందో?" అని అడిగింది త్యాగరాజుని.

"నాకు ఆన్ చెయ్యడం కూడా రాదండీ. నాది పరిపాలన." అతను గడియారం చూసుకుని లేచాడు. బల్ల మీదున్న కవరు తీసుకున్నాడు. "నేను వెళ్లాలి. రేడియో వాళ్లకి ఈ వారం బులెటిన్ అందించాలి."

"ఈ వారం కూడా మందు కొట్టమనేనా?"

"కంప్యూటర్ అదే చెప్పింది."

"అది తప్పు చెబుతోందని ఇప్పుడే అన్నారు!"

"ఎంత తప్పో తెలీదు కదండీ. అవతల రైతులు ఎదురు చూస్తుంటారు." నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. కాసేపటికి కారు గేటు దాటిన చప్పుడు వినిపించింది.

వరండాలో బెంచీ మీద ఒక పెద్దమనిషి తలగుడ్డ విప్పి విసురుకుంటున్నాడు. పొదిలి దగ్గర రైతు, పేరు యలమందయ్య. సోమవారం సాయంత్రం వచ్చి గురునాథం మీద కేకలేశాడని పోలీసులు రోజూ రప్పించి కూర్చోబెడుతున్నారు.

దుర్గాంబ వెళ్లి బెంచీకి ఆ చివర కూర్చుంది. "ఎందుకు కేకలేశారండీ ఆయన మీద?"

"ఎయ్యనా మరి?" అతని గొంతు వరండా దాటి మిరపచేలదాకా వెళ్లింది. "మాది మెట్ట. మా చేలో దోమ లేదమ్మా! వానల్లేక చెట్టు మోకాలెత్తు కూడా రాలేదు, ఇంక దానికి దోమెక్కడిది? అయినా వారం వారం మందు కొట్టు, మందు కొట్టు అని ఒకటే గోల రేడియోలో. మా మండలం పేరెట్టి మరీ చెప్పారు."

"లేని దోమకి ఎందుకు కొట్టారు?"

యలమందయ్య తలగుడ్డ ఒళ్లో పెట్టుకున్నాడు. "కంప్యూటర్ చెప్పిందంటేనూ! మన కంటికి ఆనదేమో, మిషనుకి ఆనుద్దేమో అనుకున్నా."

"అంటే కొట్టారు."

"చెప్పిన ప్రతిసారీ కొట్టా. కొట్టాక వచ్చిందమ్మా దోమ! దాన్ని తినే పురుగులన్నీ మందుకి చచ్చినయ్యంట, ఇంక దానికి అడ్డేముంది? ఆకు తిప్పితే పిండి చల్లినట్టు తెల్లగా! అంతకుముందు లేదు, ఒట్టు."

"ఇదంతా గురునాథంగారితో చెప్పారా?"

"చెప్తే ఆయన నా మొహంలోకి అదోలా చూశాడు. 'ఆగస్టులో నీ చేలో అసలు లేదా? ఒక్కటి కూడా లేదా?' అని మళ్లీ మళ్లీ అడిగాడు. లేదయ్యా అంటే, నన్నక్కడే వదిలేసి ఆ చల్లగదిలోకి పరుగెత్తాడు. అంత పెద్దమనిషి పరిగెత్తడం నేనెప్పుడూ చూళ్లేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది? నా బస్సు టైమైంది. మర్నాడు పోలీసులొచ్చి లేపారు."

దుర్గాంబ లేచి నిలబడింది. ఇంతసేపటికి ఒక మనిషి ఒక మాటకి ఒక జవాబు చెప్పాడు. ఆమెకి అతని మీద అభిమానం కలిగింది.

కంప్యూటర్ గది తలుపు బయట ఒక చెక్క పలక, దాని మీద చెప్పులు విడవమని బోర్డు. దుమ్ము వెళ్తే మిషను పాడవుతుందట. దుర్గాంబ చెప్పులు విడిచింది. కామేశ్వరి ముందే విడిచి లోపల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నిద్ర లేక కళ్లు ఉబ్బిపోయాయి. సి.ఐ. బాపయ్య మాత్రం గడపకి అవతలే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"లోపలికి రండి బాపయ్యగారూ."

"ఈ బూట్లు విప్పి, మళ్లీ లేసులు కట్టుకునే ఓపిక నాకు లేదు. నాకిక్కణ్ణించి బాగానే కనిపిస్తుంది, మీరు కానివ్వండి. ఐదింటికి మాత్రం నేను ఆగను." అతను నవ్వాడు. "ఇది పర్చూరు పొగాకు బ్యారన్ కాదు మేడమ్, బూడిద కెలికి ఏదో ఒకటి తియ్యడానికి."

పర్చూరు కేసులో అతను పట్టుకున్న ముద్దాయి నిర్దోషి అని దుర్గాంబ నిరూపించింది. అది ఇంకా అతని గొంతులో ముల్లులా ఉందన్నమాట.

ఆమె గది చూసింది. చిన్న గది. ఏ.సి., ఒక బల్ల, టీవీలాంటి తెర, టైపు మిషను లాంటి మీటల పలక, పక్కన ప్రింటర్, ఒక కుర్చీ. కిటికీ లేదు. సంచిలోంచి పోలీసు ఫోటో తీసి కుర్చీ పక్కన పెట్టి పోల్చింది.

"కామేశ్వరీ, గురునాథంగారు ఇక్కడ కాఫీ తాగేవారా?"

"ఇక్కడా? మంచినీళ్లు కూడా తేనిచ్చేవారు కాదండీ. ఫ్లాస్కు వరండాలో ఉండేది. అక్కడికే వెళ్లి తాగేవాళ్లం."

"చెప్పులు?"

"అమ్మో! చెప్పులతో వచ్చాడని ఎవరో పెద్ద ఆఫీసర్నే బయటికి పంపేశారొకసారి."

దుర్గాంబ ఫోటోని గడప దగ్గరికి తీసుకెళ్లి బాపయ్య ముక్కు కింద పెట్టింది. "ఈయన కాళ్లకేమున్నాయో చూడండి."

"చెప్పులు. అయితే? చావబోయేవాడికి చెప్పుల ధ్యాస ఉంటుందా?"

"నడిచొచ్చినవాడికి ఉంటుంది. ఆయన్ని మోసుకొచ్చినవాడికి ఉండదు."

బాపయ్య ఫోటో తిరిగిచ్చేశాడు. "ఇది కోర్టులో చెప్పండి. జడ్జిగారికి కూడా కాస్త కాలక్షేపం కావాలి. చెప్పులు సరే, ప్రోగ్రాం తప్పా ఒప్పా? అది తేల్చండి ముందు."

నిజమే. అది తేలకపోతే ఈ పిల్ల సాయంత్రానికి జైల్లో ఉంటుంది. "మొదలుపెట్టమ్మాయ్," అంది దుర్గాంబ.

కామేశ్వరి స్విచ్ వేసింది. మిషను గరగరమంది. తెర మీద ఒక ప్రశ్న కనబడింది. కామేశ్వరి జవాబేమీ కొట్టకుండా ఒక మీట నొక్కేసి ముందుకెళ్లింది.

"ఏమడిగింది?"

"ఇవాళ తేదీ ఎంతని. కరెంటు తీస్తే దీనికి తేదీ గుర్తుండదండీ. చెప్పకపోతే 1980 జనవరి ఒకటి అనుకుంటుంది."

"మరి చెప్పవేం?"

"రోజుకి ఎన్నిసార్లో కరెంటు పోతుందండీ. ఎన్నిసార్లని చెబుతాను? ఎప్పుడో మానేశాను."

ఎనభై ఏడో సంవత్సరంలో కూర్చుని ఎనభైలో ఉన్నామనుకునే మిషను. దీని మాట వినే ఊళ్లకి ఊళ్లు మందు కొట్టాయి. దుర్గాంబ నిట్టూర్చి అసలు విషయానికి వచ్చింది. "నువ్వు ఇది సరిగ్గా ఉందని ఎలా పరీక్షించావు?"

"ఏదైనా మార్చినప్పుడల్లా పాత లెక్కలే మళ్లీ వేసి, వచ్చిన జవాబుని పోయిన వారం జవాబుతో పోల్చేదాన్నండీ. రెండూ ఒకటైతే సరిగ్గా ఉన్నట్టు."

"పోయిన వారం జవాబు సరైనదని ఎలా తెలుసు?"

"దాన్ని అంతకుముందు వారం దానితో పోల్చాను."

దుర్గాంబ నుదురు పట్టుకుంది. గడప దగ్గర బాపయ్య పకపకా నవ్వాడు. "చూశారా, ఇదీ సైన్సు!"

"పొలంతో పోల్చలేదా?" అని దుర్గాంబ కాస్త గట్టిగానే అడిగింది.

"పోల్చామండీ!" అంది కామేశ్వరి. "మా కేంద్రం చుట్టూ ఉన్న మడుల్లో పోల్చాం. దోమ పెరుగుతుందంది, పెరిగింది. మందు కొట్టమంది, కొట్టాల్సినంత దోమ ఉంది. అందరూ సరిగ్గా చెప్పిందన్నారు."

"ఇంకోసారి చూద్దాం. ఎండ ఎక్కువ వెయ్యి."

ఎండ ఎక్కువ వేస్తే దోమ పెరిగింది. పెద్ద వాన వేస్తే తగ్గింది. ఎంతో కొంత దోమ వేసినప్పుడల్లా, వచ్చిన జవాబు నమ్మబుద్ధేసేలాగే ఉంది. టైము మాత్రం పోతోంది. నాలుగు దాటింది. బాపయ్య చేతి గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని అది నడుస్తోందో లేదో వింటున్నట్టు నటించాడు.

దుర్గాంబ తన మీద తనే విసుక్కుంది. ఇంట్లో పాత సామాన్లవాడు తక్కెడ తెస్తే ఆమె ముందు ఏం చేస్తుంది? కాగితాలు వెయ్యనివ్వదు. ఖాళీ తక్కెడ ఎత్తి చూపించమంటుంది. ఇంతసేపూ ఆమె నిండు తక్కెడే చూస్తోంది. యలమందయ్య సోమవారం ఈ గదిలోకి పంపిన మాట కూడా అదేగా?

"కామేశ్వరీ, దోమలు సున్నా వెయ్యి."

కామేశ్వరి చెయ్యి ఆగింది. "సున్నానా? అలాంటి చేను ఎక్కడుంటుందండీ? ఈ సీజన్లో గుంటూరు జిల్లాలో దోమ లేని పత్తి చేనుందంటే ఎవరైనా నవ్వుతారు. లెక్క పెట్టేవాళ్లెవరైనా సున్నా రాసుకొస్తే చేలోకి దిగలేదని తిట్టి మళ్లీ పంపేవాళ్లం."

"నేను పొదిలి చేను అడుగుతున్నాను. వెయ్యి."

కామేశ్వరి వేసింది. మిషను కాసేపు ఆలోచించింది. తెర మీద అంకెలు పడ్డాయి. వచ్చే వారం ఆకుకి ఇన్ని దోమలు, ఆ పై వారం ఇంకా ఎక్కువ. కింద మందు కొట్టమని మాట.

దుర్గాంబ తెర మీది అంకె మీద వేలు పెట్టింది.

"ఒక్కటి కూడా లేకుండా పిల్లలు ఎలా పుట్టాయమ్మా?" అంది దుర్గాంబ నెమ్మదిగా.

కామేశ్వరి కుర్చీలో కూలబడింది. "పుట్టవండీ. సున్నాని దేనితో హెచ్చించినా సున్నాయే. నేను అలాగే రాశాను. నేను అలాగే రాశానండీ!"

"శెభాష్!" గడప అవతల బాపయ్య చప్పట్లు కొట్టాడు. "మేడమ్, మీరు నాకు కేసు కట్టిపెట్టారు. ప్రోగ్రాం తప్పు, మీరే నిరూపించారు. తప్పు రాసింది ఈవిడ, ఒప్పుకుంది. పట్టుకున్నాడు గురునాథం, చచ్చాడు. ఇంక నేను ఐదింటిదాకా ఆగడమెందుకు?"

"నోరు ముయ్యండి బాపయ్యగారూ," అంది దుర్గాంబ. అనేశాక తప్పుగా అనిపించింది, కానీ వెనక్కి తీసుకోలేదు. తన చేత్తోనే ఈ పిల్ల మెడకి ఉచ్చు బిగించానన్న కంగారు ఆమె మాటకి పదును పెట్టింది. "కామేశ్వరీ, ఏడవడం తర్వాత. నువ్వు రాసింది తెర మీదకి తియ్యి. వరస వరసా చదువు."

ప్రోగ్రాం తెర మీదకొచ్చింది. ప్రతి వరసకీ ముందొక నంబరు. కామేశ్వరి వేలు పెట్టి చదువుతూ వెళ్లింది. దుర్గాంబకి మాటలు అర్థం కాలేదు. నంబర్లు మాత్రం అర్థమయ్యాయి. పది, ఇరవై, ముప్పై. అన్నీ పదులే.

"ఎందుకిలా?"

"మధ్యలో ఏదైనా చేర్చాలంటే చోటుండాలని పదేసి వదులుతామండీ. చేర్చినా నేను మళ్లీ అన్నిటికీ పదుల్లో నంబర్లు మార్చేస్తాను. నాకు అదొక..." ఆమె వేలు ఆగిపోయింది.

వెయ్యిన్నీ నాలుగువందల ముప్పైకీ, నలభైకీ మధ్యన ఒక వరస ఉంది. దాని నంబరు ముప్పై అయిదు.

"ఇది నాది కాదు."

"ఏమంటోంది?"

"ఆకుకి దోమలు పదిహేను కన్నా తక్కువుంటే, పదిహేను ఉన్నాయనుకో అంటోంది." కామేశ్వరి దుర్గాంబ వైపు తిరిగింది. "మా మడుల్లో ఎప్పుడూ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అందుకే మాకు ఎప్పుడూ తేడా రాలేదు. దోమ లేని చోట్ల మాత్రమే..."

"దోమ లేని చోట్ల మాత్రమే అబద్ధం చెబుతుంది. వాళ్లు నమ్మి మందు కొట్టారు." దుర్గాంబ ఊపిరి పీల్చుకుంది. "ఇది ఎవరు పెట్టుంటారు?"

కామేశ్వరి ఆ వరస మీంచి వేలు తీసింది. "ఆగస్టులో ఇక్కడికి పెద్ద పెద్ద ఆఫీసర్లు వచ్చారండీ, కంప్యూటర్ చూడ్డానికి. నేను కామెర్లొచ్చి పొన్నూర్లో పడున్నాను. అప్పటికి పత్తి రెండాకుల మీదుంది. దోమ ఉండదు. తెర మీద సున్నా వస్తే పరువు పోతుందని డైరెక్టర్‌గారు అన్నారట. నేను వచ్చాక గురునాథంగారు నవ్వుతూ చెప్పారు. 'ఏదో సర్దేశాంలే కామేశ్వరీ, అంకెలు బ్రహ్మాండంగా పడ్డాయి,' అన్నారు. ఎలా సర్దారని నేను అడగలేదు."

"తీసేద్దామనుకుని మర్చిపోయారు."

"అయ్యుండాలి. సోమవారం యలమందయ్యగారు చెప్పగానే గుర్తొచ్చి ఉంటుంది."

"కథ బావుంది," అన్నాడు బాపయ్య. "చచ్చినవాడి నెత్తిన పెట్టేస్తే సరి. ఈవిడే ఒక ముప్పై అయిదు రాసి, నాది కాదంటే నేను నమ్మాలా? ఎప్పుడు రాశారో, ఎవరు రాశారో దాని మీద ఉంటుందా?"

"ఉంటుందా?" దుర్గాంబ కామేశ్వరినే అడిగింది.

"ప్రోగ్రాం ఎప్పుడు దాచారో ఫ్లాపీ మీద తేదీ పడుతుందండీ. కానీ తేదీ ఎవరూ చెప్పరు కదా. అన్నీ జనవరి ఒకటే ఉంటాయి." అయినా ఆమె మీటలు నొక్కింది. తెర మీద పేర్ల వరస కిందికి జారింది. ఒక్కో పేరు పక్కనా 1-1-80. మళ్లీ 1-1-80. మళ్లీ అదే.

ఒక్కదాని పక్కన తప్ప.

"ఇదేంటి?" దుర్గాంబ వంగి చూసింది. 10-28-87.

"నెల ముందేస్తుందండీ. అక్టోబరు ఇరవై ఎనిమిది." కామేశ్వరి తెరకి దగ్గరగా జరిగింది. "ఈ ప్రోగ్రామే. మొన్న బుధవారం దాచారు."

గురునాథం మంగళవారానికే శవమయ్యాడు. మంగళవారం పొద్దుట్నించీ ఈ గదికి సీలుంది. సోమవారం పరుగెత్తుకొచ్చి అతను తీసేసి ఉండాల్సిన వరసని ఎవరో బుధవారం వచ్చి మళ్లీ పెట్టారు. తేదీ ఎంతని మిషను అడిగితే, ఇక్కడివాళ్ల అలవాటు తెలియక బుద్ధిగా జవాబు చెప్పారు.

దుర్గాంబ గడప వైపు తిరిగింది. ఇంతసేపూ చప్పట్లు కొట్టిన మనిషి ఇప్పుడు మీసం సవరించుకుంటున్నాడు.

"ఈ గది తాళం ఎవరి దగ్గరుంది బాపయ్యగారూ?"

"స్టేషన్లో."

"స్టేషన్లో ఎవరి దగ్గర?"

"నా దగ్గరే. అయితే ఏంటి?"

"ఈ వారం బులెటిన్ త్యాగరాజుగారి కవర్లో ఉంది. నా ఎదురుగానే తీసుకెళ్లాడు. సీలేసిన గదిలో ఉన్న కంప్యూటర్ దగ్గర్నించి అది బయటికెలా వచ్చింది? ఆ మాట అప్పుడే తట్టనందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను. మీరు తీశారు తలుపు."

బాపయ్య నోటి నుంచి మొదటిసారి చిన్న గొంతు వచ్చింది. "రైతులు ఎదురు చూస్తుంటారన్నాడు. ఒక్క కాగితం తీసుకుంటానన్నాడు. బుధవారం మధ్యాహ్నం. మళ్లీ సీలేసేశాను."

"మీరు లోపలికొచ్చి చూశారా ఏం చేస్తున్నాడో?"

అతను తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"ఆన్ చెయ్యడం రాదన్నాడు నాతో," అంది దుర్గాంబ. "ఆన్ చేశాడు, తేదీ కొట్టాడు, ఎక్కడ ఏ వరస ఉండాలో అక్కడ పెట్టాడు. గురునాథం దాన్ని తీసేసి పోయాడు కాబట్టి, ఆ తీసేసిన ప్రోగ్రాం మన చేతికొస్తే అందులో తప్పుండదు. తప్పు లేకపోతే ఈ పిల్లకి చంపే అవసరం ఉండదు. అందుకని మళ్లీ పెట్టాడు. ఒక చేతకాని సర్దుబాటు తన మాట మీద జరిగిందనీ, దాన్ని నమ్మి రెండు జిల్లాల వాళ్లు చేలు పాడు చేసుకున్నారనీ తెలిస్తే జనం వచ్చి ఈ కేంద్రానికి ఇటుకలు కూడా మిగల్చరు. గురునాథం అది రేడియోలో చెప్పేస్తానని అనుంటాడు. అందుకే వరండాలో ఈ పిల్ల ఫ్లాస్కులో మందు కలిపి, ఆయన్ని చెప్పులతో సహా ఇక్కడికి మోసుకొచ్చాడు."

"నేను ఆ పిల్లని అరెస్టు చెయ్యను," అన్నాడు బాపయ్య మెల్లగా. "చేసే మొహం లేదు. సీలు తీశానని నేనే రాసివ్వాలి." 

కామేశ్వరి రెండు చేతుల్లో మొహం దాచుకుంది.

డైరెక్టర్ గదిలో ఫోను మోగింది. మోగీ మోగీ ఆగి మళ్లీ మోగింది. బాపయ్య వెళ్లి ఎత్తాడు. "ఎస్సార్," అన్న మాట వినిపించింది. మళ్లీ "ఎస్సార్."

తిరిగొచ్చినప్పుడు అతని మొహంలో నెత్తురు లేదు.

"ఎస్పీగారు. త్యాగరాజు రేడియో ఆఫీసుకి వెళ్లలేదు. ఎస్పీగారి దగ్గరికెళ్లాడు. బుధవారం నేను సీలు తీశాననీ, కామేశ్వరిని లోపలికి పంపాననీ రాసిచ్చాడు. మీ ఆయన దగ్గర నేను లంచం తిన్నానట. కేసు నా చేతిలోంచి తీసేశారు. డీఎస్పీగారు బయల్దేరారు, ఈ అమ్మాయినీ, ఇక్కడున్న ఫ్లాపీలనూ పట్టుకెళ్లడానికి."

దుర్గాంబ తెర వైపు చూసింది. ఇప్పటిదాకా ఆ తేదీ ఈ పిల్లని కాపాడుతుందనుకుంది. ఇప్పుడు అదే తేదీ, బుధవారం ఈ గదిలోకి వచ్చి ప్రోగ్రాం మార్చింది కామేశ్వరే అనడానికి సాక్ష్యమైపోయింది. త్యాగరాజు మీద ఎంత కోపమొచ్చిందో, ఆ మనిషి ముందుచూపు మీద అంత అసూయ కూడా కలిగింది.

"బుధవారం మిమ్మల్నీ త్యాగరాజునీ ఇక్కడ చూసినవాళ్లు ఎవరున్నారు?"

"ఎవరూ చూడకూడదని కాపలా కానిస్టేబుల్‌ని నేనే టీకి పంపాను."

"ఎంత తెలివైన పని చేశారు!" దుర్గాంబ పళ్లు నూరింది. తర్వాత కామేశ్వరి భుజం పట్టుకుని కుదిపింది. "లే. ఇన్నాళ్లూ నువ్వు దాచిన వాటిలో ఒక్కదానికైనా తేదీ కొట్టావా?"

"ఒక్కదానికి కూడా లేదండీ."

"తేదీ లేని ఆ పేర్లే నీ అలవాటుకి సాక్ష్యం, అన్నీ ప్రింట్ చెయ్యి. ప్రోగ్రాం కూడా, ఆ ముప్పై అయిదుతో సహా. ఫ్లాపీలు వాళ్ల చేతికి వెళ్తే రేపటికి వాటి మీద ఏముంటుందో ఎవరికీ తెలీదు. కాగితమైనా మన దగ్గరుండాలి. సంతకం చెయ్యడానికి యలమందయ్యని పిలుస్తాను."

"ఎంతసేపు పడుతుంది?" అన్నాడు బాపయ్య.

"ఈ ప్రింటర్‌తో చెప్పలేమండీ. రిబ్బన్ పాతది. కాగితం పక్కకి లాగేస్తుంది."

గేటు దగ్గర జీపు హారన్ కొట్టింది. గూర్ఖా తాళాల గుత్తి కోసం తడుముకుంటున్న చప్పుడు.

బాపయ్య టోపీ సరిచేసుకున్నాడు. "డీఎస్పీగారికి నా వాంగ్మూలం ఇవ్వాలి కదా. ఎవరికి తలుపు తీశానో మొదట్నించీ చెప్పాలి. ఉద్యోగం ఎలాగూ పోతుంది, నింపాదిగానే చెబుతాను." దుర్గాంబ వైపు చూడకుండా గేటు వైపు నడిచాడు.

ప్రింటర్ కీచుమంటూ మొదటి వరస కొట్టింది. కాగితం అప్పుడే ఎడమకి వాలింది. దుర్గాంబ రెండు చేతులతో దాని అంచులు పట్టుకుని తిన్నగా నిలబెట్టింది. బయట జీపు తలుపు మూసిన చప్పుడైంది. వెంటనే ఇంకో కారు తలుపు. ఆ వెనకే, డీఎస్పీని పలకరిస్తున్న త్యాగరాజు గొంతు.

"ఆపకు," అంది దుర్గాంబ. "రానీ."